పేరు ఒకటే, ఊళ్లు వేరు: నామసామ్యం ఎక్కడ పుడుతుంది, ఎవరెవరు ఎలా విడదీస్తారు

2008లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరపాలక మండలి రీసైక్లింగ్ గురించి 7,20,000 కరపత్రాలు అచ్చు వేయించింది. వాటి మీద ఎత్తైన భవనాలతో నగరం ఫొటో ఒకటి ఉంది. ఫొటోలో ఉన్నదీ బర్మింగ్‌హామే. కాకపోతే అది అట్లాంటిక్ సముద్రానికి అవతల, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న బర్మింగ్‌హామ్. ఇంగ్లండ్ నగరం ఇనుము పరిశ్రమకు పెట్టింది పేరు కాబట్టి, ఇనుము కోసమే 1871లో పుట్టిన అలబామా ఊరికి ఆ పేరు పెట్టుకున్నారు. నూట ముప్పై ఏడేళ్ల తర్వాత ఆ అప్పు ఇలా తిరిగొచ్చింది.

ఇలాంటివి అప్పుడప్పుడు వార్తల్లోకి వస్తూనే ఉంటాయి. ఆస్ట్రేలియా సిడ్నీకి టికెట్ కొన్నామనుకుని కెనడాలోని సిడ్నీలో దిగినవాళ్ల కథనాలు 2002లోనూ వచ్చాయి, 2017లోనూ వచ్చాయి. చదివి నవ్వుకుని వదిలేస్తాం. ఇదే చిక్కు జనాభా పట్టికల్లో, ట్రేడ్‌మార్క్ కేసుల్లో, జీవశాస్త్రంలో, దేశాల మధ్య ఒప్పందాల్లో దూరినప్పుడు మాత్రం నవ్వులాటగా ఉండదు. ఒక్కో రంగం దీనికి ఒక్కో విరుగుడు కనిపెట్టుకుంది. ఏ విరుగుడు ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం.

పేరుకు ఒక పరిధి ఉంటుంది

ఒకే పేరు ఒకటికి మించిన ఊళ్లకో, వస్తువులకో, మనుషులకో ఉండటం నామసామ్యం. దానంతట అది ఇబ్బందేమీ కాదు. ఒకే తరగతిలో ఇద్దరు శ్రీనివాసులు చేరినప్పుడే పొడుగు శీను, పొట్టి శీను పుడతారు. వేర్వేరు బడుల్లో ఉన్నంతకాలం ఇద్దరూ ఉత్త శీనులే. ఊరి పేరూ అంతే. పెట్టినవాళ్లకూ పిలిచేవాళ్లకూ తెలిసిన ఒక వలయంలో అది ఒక్కదాన్నే సూచిస్తుంది. ఆ వలయాన్ని ఇక్కడ పరిధి అందాం. అలబామాలో బర్మింగ్‌హామ్ అంటే ‘ఏ బర్మింగ్‌హామ్?’ అని ఎవరూ అడగరు.

చిక్కంతా పేరు పరిధి దాటినప్పుడు వస్తుంది. ఉత్తరం, టికెట్, డేటాబేస్, సెర్చ్ బాక్స్, ఇవన్నీ పేరును దాని చుట్టూ ఉన్న వలయం నుంచి ఊడదీసి మోసుకుపోతాయి. అందుకే నామసామ్యం మీద కనిపెట్టిన పద్ధతులన్నీ చివరికి రెండు పనుల్లో ఒకటి చేస్తాయి: ఊడిపోయిన పరిధిని పేరుకు మళ్లీ అంటిస్తాయి, లేదా ఒక పరిధిలో రెండో పేరును రానివ్వవు.

ఒకే పేరు రెండు చోట్లకు ఎలా చేరుతుంది

అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యేది వలస. ఊరు విడిచి వెళ్లినవాళ్లు పేరును మూట కట్టుకుని వెళ్తారు. 1845లో అమెరికాలోని ఆరెగన్‌లో కొత్త ఊరికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు భూమి యజమానులు ఇద్దరిలో ఒకరు మసాచుసెట్స్ నుంచి వచ్చినాయన, బోస్టన్ అందామన్నాడు. రెండో ఆయన మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చాడు, పోర్ట్‌లాండ్ అన్నాడు. నాణెం ఎగరేశారు, పోర్ట్‌లాండ్ గెలిచింది. ఆ నాణేన్ని ఇప్పటికీ భద్రంగా దాచారు. మెయిన్‌లోని పోర్ట్‌లాండ్ పేరు కూడా సొంతం కాదు, ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్ దీవి నుంచి తెచ్చుకున్నదే. ఇలాంటి గొలుసులు ఇంకా పొడవైనవీ ఉన్నాయి. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ పేరు స్పెయిన్‌లో కార్టహీనా అయింది, స్పెయిన్‌వాళ్లు 1533లో దాన్ని కొలంబియా తీరానికి పట్టుకెళ్లారు.

రెండోది వర్ణన. ఎక్కడైనా కొత్తగా కట్టుకున్న ఊరిని కొత్త ఊరనే అంటారు. ఇటలీలో నేపుల్స్, రష్యాలో నోవ్‌గరద్, జర్మనీలో ఒకటికి పది నాయ్‌స్టట్‌లు, అన్నీ ఆ బాపతే. లిబియా రాజధాని ట్రిపోలీ, లెబనాన్‌లోని ట్రిపోలీ కూడా ఇలాగే గ్రీకు భాషలోని ‘మూడు నగరాలు’ నుంచి విడివిడిగా వచ్చాయి. అరబ్బీలో మొదటిదాన్ని పడమటి తరాబులుస్ అనీ, రెండోదాన్ని షామ్ (సిరియా ప్రాంతం) తరాబులుస్ అనీ పిలిచి విడదీసుకున్నారు.

మూడోది ఒకే మహానుభావుడి పేరు నలుగురూ పెట్టుకోవడం. అమెరికాలో వాషింగ్టన్ పేరుతో 30 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉన్నాయి, లూసియానాలో కౌంటీకి బదులు పారిష్ అంటారు కాబట్టి దాన్నీ కలిపితే 31. సెయింట్ జోసెఫ్ పేరు మీద కాలిఫోర్నియాలో ఒక శాన్ హోసే, కోస్టారికా రాజధానిగా ఇంకో శాన్ హోసే.

ఉత్త కాకతాళీయం కూడా ఉంటుంది, జనం దాన్ని అంత తొందరగా ఒప్పుకోరు. తమిళనాడు సేలానికీ, మసాచుసెట్స్ సేలానికీ చుట్టరికం లేదు. అమెరికాలోని జార్జియా బ్రిటన్ రాజు రెండో జార్జి పేరు మీద వెలిసింది. కాకసస్ కొండల్లోని జార్జియాకు ఆయనతో సంబంధమే లేదు, అక్కడివాళ్లు తమ దేశాన్ని సకార్త్‌వేలో అంటారు. అక్షరాలు కలిసినంత మాత్రాన చరిత్ర కలవదు.

ఇక చీలిక. 1947లో పంజాబ్ రెండుగా విడిపోయింది, పేరు రెండువైపులా మిగిలింది.

ఒకదాని కడుపులో ఒకటి ఉన్న పేర్లు

దూరంగా ఉన్న రెండు ఊళ్లను విడదీయడం పెద్ద పని కాదు. ఒకే చోట, ఒకదాని లోపల ఒకటి ఉన్నవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. న్యూయార్క్ జనాభా ఎంత అని అడిగితే 2020 అమెరికా జనగణన ప్రకారం మూడు సరైన సమాధానాలున్నాయి. రాష్ట్రమైతే సుమారు 2 కోట్ల 2 లక్షలు. నగరమైతే సుమారు 88 లక్షలు. న్యూయార్క్ కౌంటీ అయితే సుమారు 17 లక్షలు, ఎందుకంటే ఆ కౌంటీ అంటే మన్‌హాటన్ మాత్రమే. అంటే ఇక్కడ నగరం కౌంటీ కంటే పెద్దది. మనకు అలవాటైన ‘జిల్లాలో పట్టణం’ వరస ఇక్కడ తిరగబడింది.

మెక్సికోలోనూ దేశం, రాజధాని నగరం, మెక్సికో రాష్ట్రం అని మూడున్నాయి. లక్సెంబర్గ్ దేశం, దాని రాజధాని, పక్కనే బెల్జియంలో లక్సెంబర్గ్ ప్రావిన్స్. ఇలాంటి చోట్ల దేశం పేరు చేర్చినా పని జరగదు. ‘న్యూయార్క్, అమెరికా’ అంటే మూడింటికీ వర్తిస్తుంది. ఇక్కడ కావలసింది రకం: నగరమా, కౌంటీయా, రాష్ట్రమా. పట్టికల్లో పేరు పక్కన రకం అనే గడి లేకపోవడం ఎప్పుడూ కనబడే లోపం.

పేర్లతో పట్టికలు కలిపితే లెక్క ఎక్కడ చెడుతుంది

ఈ తప్పు తెర మీద ఎర్ర గీత చూపించదు, అందుకే కాస్త దగ్గర నుంచి చూడాలి. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ జిల్లా ఉంది, హిమాచల్‌ప్రదేశ్‌లోనూ బిలాస్‌పూర్ జిల్లా ఉంది. 2011 జనగణనలో మొదటిదాని జనాభా సుమారు 26.6 లక్షలు, రెండోదానిది సుమారు 3.8 లక్షలు.

మన దగ్గర రెండు పట్టికలున్నాయనుకోండి. ఒకదాంట్లో జిల్లా పేరు, జనాభా. ఇంకోదాంట్లో జిల్లా పేరు, బడుల సంఖ్య. రెండింటినీ జిల్లా పేరు ఆధారంగా కలపమని కంప్యూటర్‌కు చెబితే అది మొదటి పట్టికలోని ప్రతి బిలాస్‌పూర్‌నూ రెండో పట్టికలోని ప్రతి బిలాస్‌పూర్‌తోనూ జత చేస్తుంది. రెండు ఇంటూ రెండు, నాలుగు వరసలు. అందులో రెండు నిజం. మిగతా రెండింట్లో ఛత్తీస్‌గఢ్ జనాభా పక్కన హిమాచల్ బడులు, హిమాచల్ జనాభా పక్కన ఛత్తీస్‌గఢ్ బడులు ఉంటాయి. ఇప్పుడు జనాభా కూడితే అసలు మొత్తం సుమారు 30.5 లక్షలు రావాల్సింది, సుమారు 61 లక్షలు వస్తుంది. దేశం మొత్తం కోట్లలో ఉంటుంది కాబట్టి ఈ 30 లక్షల తేడా ఎవరి కంటా పడదు. కానీ ‘లక్ష మందికి ఎన్ని బడులు’ అని లెక్కేస్తే ఆ రెండు తప్పుడు వరసలు జాబితాలో అట్టడుగునో, శిఖరానో తేలతాయి. పత్రికల్లో శీర్షికలయ్యేవి సరిగ్గా ఆ రెండు చివరలే.

పట్టుకోవడానికి తేలికైన గుర్తు ఒకటుంది. కలపకముందు ఎన్ని వరసలున్నాయో, కలిపాక ఎన్ని ఉన్నాయో చూస్తే పెరిగినవి బయటపడతాయి. రాష్ట్రం, జిల్లా రెండూ కలిపి తాళంచెవిగా వాడితే బిలాస్‌పూర్‌లు విడిపోతాయి. హమీర్‌పూర్ (హిమాచల్, ఉత్తరప్రదేశ్), ప్రతాప్‌గఢ్ (ఉత్తరప్రదేశ్, రాజస్థాన్), బలరాంపూర్ (ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్) కూడా ఇలాగే తేలతాయి.

దీనికి ఇంకో మెలిక ఉంది. స్పెల్లింగ్ తేడాలను సర్దే ప్రోగ్రాములు కొత్త నామసామ్యాలను పుట్టిస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్, మహారాష్ట్రలో రాయగడ్, ఒడిశాలో రాయగడ. ఒకటి రెండు అక్షరాల తేడాను అచ్చుతప్పు కింద లెక్కగట్టి కలిపేయమంటే మూడు రాష్ట్రాల జిల్లాలు ఒక్కటైపోతాయి. పేర్లను శుభ్రం చేయడానికి పెట్టిన పద్ధతే వాటిని కలగాపులగం చేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు రాష్ట్రాల వారీగా విడదీసి, ఆ తర్వాతే స్పెల్లింగ్ సర్దుతారు.

తోక తగిలించడం, కోడ్ ఇవ్వడం

పాత పద్ధతి తోక. జర్మనీలో మైన్ నది మీద ఫ్రాంక్‌ఫర్ట్, ఓడర్ నది మీద ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నాయి, రెంటి పేర్లలోనూ నది భాగమే. రోజువారీ మాటల్లో జనం తోకను కత్తిరిస్తారు, అప్పుడు పెద్ద ఊరు పేరును మింగేస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ అంటే మైన్ ఫ్రాంక్‌ఫర్టే అనుకుంటాం, ఓడర్ ఫ్రాంక్‌ఫర్ట్ ఎప్పుడూ తన నదిని వెంటేసుకుని తిరగాల్సిందే.

జనం కత్తిరించలేని తోక కావాలంటే అంకెలే. మన పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అందులో మొదటి అంకె ప్రాంతం. ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ 495001, హిమాచల్ బిలాస్‌పూర్ 174001. కవరు మీద రాష్ట్రం రాయడం మరిచిపోయినా మొదటి అంకె చూడగానే అది మధ్యభారతమా, ఉత్తరాదా అని తేలిపోతుంది.

విమానాశ్రయాలకు మూడక్షరాల కోడ్లున్నాయి. 26 ఆంగ్ల అక్షరాలతో మూడేసి కలిపితే వచ్చేవి 17,576. ఆస్ట్రేలియా సిడ్నీ ఎస్‌వైడీ, కెనడా సిడ్నీ వైక్యూవై. ఆరెగన్ పోర్ట్‌లాండ్ పీడీఎక్స్, మెయిన్ పోర్ట్‌లాండ్ పీడబ్ల్యూఎం. మన హైదరాబాద్ హెచ్‌వైడీ, పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్ హెచ్‌డీడీ. మరి కోడ్లున్నా తప్పు ఊళ్లలో ఎందుకు దిగుతున్నారు? కోడ్ విమానాన్ని సరైన చోటికే తీసుకెళ్తుంది. తప్పు అంతకు ముందే, పేరు కోడ్‌గా మారే క్షణంలో జరిగిపోతుంది. సెర్చ్ బాక్స్‌లో సిడ్నీ అని కొట్టగానే కిందికి జారే జాబితాలో ఒకదాన్ని వేలితో తాకుతాం. చిన్న తెర మీద ఊరి పేరు పెద్దగా, దేశం పేరు సన్నగా ఉంటుంది. ఆ తర్వాత అన్ని అడుగులూ దోషం లేకుండా నడుస్తాయి, తప్పు ఊరి వైపు. టికెట్‌లో దీన్ని పట్టించే గడి ప్రయాణ సమయం. లండన్ నుంచి ఆస్ట్రేలియా సిడ్నీకి ఎలా వెళ్లినా 20 గంటలు దాటుతుంది. అందులో సగమే చూపిస్తే అది వేరే సిడ్నీ. శాన్ హోసేల విషయంలో కోడ్లు కూడా పెద్దగా ఆదుకోవు: కాలిఫోర్నియాది ఎస్‌జేసీ, కోస్టారికాది ఎస్‌జేవో.

కోడ్ కూడా ఒక పేరే, దానికీ పరిధి ఉంది. అంతర్జాతీయ ప్రమాణంలో దేశాలకు రెండక్షరాల కోడ్లున్నాయి, అమెరికా తపాలా శాఖకు తన రాష్ట్రాల రెండక్షరాల కోడ్లు వేరే ఉన్నాయి. ఐఎన్ అంటే మొదటి జాబితాలో ఇండియా, రెండోదాంట్లో ఇండియానా. సీఏ ఒకచోట కెనడా, ఒకచోట కాలిఫోర్నియా. జార్జియాల సంగతి మరీ చిత్రం: దేశానికి జీఈ, అమెరికా రాష్ట్రానికి జీఏ. విడిపోయాయి కదా అనుకునేలోగా, దేశాల జాబితాలో జీఏ గాబన్‌ది! ఇలాంటి తాకిడి లేకుండా ఉండాలని రాష్ట్రాల అంతర్జాతీయ కోడ్‌లో దేశాన్ని ముందు పెడతారు. భారత పంజాబ్ ఐఎన్-పీబీ, పాకిస్తాన్ పంజాబ్ పీకే-పీబీ. వెనక సగం రెంటికీ ఒకటే. పట్టికలో జాగా కలిసొస్తుందని ఎవరైనా ముందు సగం తీసేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

కాలం కూడా పరిధే

2023లో మహారాష్ట్ర ఔరంగాబాద్ పేరు ఛత్రపతి సంభాజీనగర్ అయింది. బిహార్ ఔరంగాబాద్ అలాగే ఉంది. కాబట్టి ఇవాళ్టి రికార్డులో ఔరంగాబాద్ జిల్లా అంటే బిహార్‌దే అయ్యే అవకాశం ఎక్కువ, 2015 నాటి రికార్డులో రెండూ కావచ్చు. కర్ణాటక బీజాపూర్ 2014లో విజయపుర అయ్యాక బీజాపూర్ జిల్లా ఛత్తీస్‌గఢ్‌కే మిగిలింది. పేరు మార్పు కొత్త రికార్డులకు నామసామ్యాన్ని తొలగిస్తుంది, పాత రికార్డుల్లో దాన్ని అలాగే ఉంచేస్తుంది. పైగా మార్పుకు ముందూ వెనకా ఉన్నది ఒకే ఊరని తెలియాలంటే ఇంకో పట్టిక కావాలి.

తుపాన్ల పేర్లు పెట్టేవాళ్లు ఈ కాలాన్ని కావాలనే వాడుకుంటారు. అట్లాంటిక్‌లో ఆరు జాబితాలు వంతులవారీగా తిరుగుతాయి, ఆరేళ్లకు ఒకసారి అవే పేర్లు మళ్లీ వస్తాయి. భారీ విధ్వంసం చేసిన తుపాను పేరును మాత్రం రిటైర్ చేస్తారు. 2005 నాటి కత్రినా అలా శాశ్వతంగా పక్కకు పోయింది. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఇందుకు భిన్నంగా 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చి 169 పేర్ల జాబితాను 2020లో విడుదల చేశాయి. ఒకసారి వాడిన పేరును మళ్లీ వాడరు. మొదటి పద్ధతిలో పేరు పక్కన సంవత్సరం తప్పనిసరి, రెండోదాంట్లో అక్కర్లేదు, కానీ పేర్లు అయిపోతూ ఉంటాయి.

రెండు కాంగోలు, ఒక మాసిడోనియా

1960లో మధ్య ఆఫ్రికాలో పక్కపక్క దేశాలు రెండు స్వతంత్రమై, రెండూ ‘కాంగో రిపబ్లిక్’ అనే అధికారిక పేరు పెట్టుకున్నాయి. నదికి అటూ ఇటూ ఉన్న ఈ రెంటినీ లోకం రాజధానులతో విడదీసింది: కాంగో-లియోపోల్డ్‌విల్, కాంగో-బ్రజావిల్. 1964లో మొదటిది ‘డెమొక్రటిక్’ చేర్చుకుంది. 1971 నుంచి 1997 దాకా జైర్ అయింది, తర్వాత మళ్లీ కాంగోకే వచ్చింది. 1966లో దాని రాజధాని కూడా కిన్షాసా అయింది. ఇంత గందరగోళంలోనూ పేరు నాదంటే నాదని ఎవరూ అంతర్జాతీయ పంచాయితీ పెట్టలేదు, ఇద్దరూ నది పేరే పెట్టుకున్నారు.

మాసిడోనియా వ్యవహారం అలా సాగలేదు. 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయిన దేశం ఆ పేరు పెట్టుకోగానే గ్రీసు అభ్యంతరం చెప్పింది. గ్రీసు వాదన: మాసిడోనియా తమ ఉత్తర ప్రాంతం పేరు, అలెగ్జాండర్ కాలం నుంచి తమ చరిత్రలో భాగం. ఇంకో దేశం దాన్ని గుత్తగా తీసుకుంటే రేపు భూభాగం మీద కూడా హక్కు అడగవచ్చు. అవతలి వాదన: తమను తాము ఏమని పిలుచుకోవాలో నిర్ణయించే హక్కు ఆ ప్రజలదే. యుగోస్లావియాలో ఉన్నప్పుడూ తమ రిపబ్లిక్ పేరు అదే. పైగా చారిత్రక మాసిడోనియా ప్రాంతం ఏ ఒక్క దేశపు సరిహద్దుల్లోనూ ఇమడదు. రెండు వాదనల్లోనూ బలముంది. గొడవ వాస్తవాల మీద కంటే ఏ పరిధిలో పేరు చెల్లుతుందన్న దాని మీదే సాగింది.

1993లో ఐక్యరాజ్యసమితి ‘మాజీ యుగోస్లావ్ మాసిడోనియా రిపబ్లిక్’ అని తాత్కాలికంగా పిలిచి చేర్చుకుంది. 2018 జూన్ 17 ప్రెస్పా ఒప్పందంతో ‘ఉత్తర మాసిడోనియా’ ఖాయమైంది, 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఒప్పందాన్ని దగ్గరగా చదివితే అది పేరును ముక్కలుగా పంచిందని తెలుస్తుంది. దేశం పేరుకు ‘ఉత్తర’ చేరింది. భాష పేరు మాసిడోనియన్ గానే ఉంది. అంతర్జాతీయ కోడ్లు ఎంకే, ఎంకేడీ మారలేదు. వాహనాల నంబరు ప్లేట్ల మీద మాత్రం ‘ఉత్తర’ను సూచించే అక్షరం రావాలన్నారు. రెండు దేశాల్లోనూ ఈ రాజీని ఎక్కువ ఇచ్చేశామని తిట్టినవాళ్లున్నారు.

ముందు పెట్టినవాళ్లదే పేరు: జీవశాస్త్రం కట్టుబాటు

జంతువుల శాస్త్రీయ నామాల్లో నియమం కటువుగా ఉంటుంది. ఒక ప్రజాతి పేరు జంతువుల మొత్తంలో ఒక్కసారే వాడాలి, ముందు అచ్చయినదే చెల్లుతుంది. 1799లో బాతు ముక్కు లాంటి మూతి ఉన్న ఆస్ట్రేలియా జంతువుకు ప్లాటిపస్ అని ప్రజాతి పేరు పెట్టారు. తీరా చూస్తే 1793లోనే చెక్క తొలిచే ఒక పెంకుపురుగుల ప్రజాతికి ఆ పేరు పెట్టేశారు. పురుగుకే పేరు దక్కింది. జంతువు శాస్త్రీయంగా ఆర్నితోరింకస్ అయింది, వాడుకలో మాత్రం ప్లాటిపస్ అనగానే ఆ పురుగు ఎవరికీ గుర్తురాదు. ముళ్ల చీమలతిండి ఎకిడ్నాదీ అదే గతి, ఆ పేరు అప్పటికే ఒక రకం ఈల్ చేపలది.

ఇంత కటువైన నియమానికి కూడా గోడ ఉంది. జంతువుల నామకరణ నియమావళి వేరు, మొక్కలది వేరు. ఒకదాంట్లో ఉన్న పేరు ఇంకోదాన్ని ఆపదు. మోరస్ అంటే మొక్కల్లో మల్బరీ, పక్షుల్లో గానెట్ అనే సముద్రపక్షి. ఫికస్ అంటే మర్రి, రావి, మేడి చెట్ల ప్రజాతి, సముద్రంలో ఒక నత్తల ప్రజాతి కూడా. జీవజాతులన్నిటినీ ఒకే డేటాబేస్‌లో చేర్చేవాళ్లు అందుకే ప్రజాతి పేరు పక్కన రాజ్యం (మొక్కా, జంతువా) అనే గడి వదలకుండా ఉంచుతారు.

సబ్బు ఒకరిది, చాక్లెట్ ఒకరిది

వ్యాపార పేర్లలో పరిధి అంటే సరుకు రకం. అంతర్జాతీయ నీస్ వర్గీకరణలో 45 తరగతులున్నాయి, 34 సరుకులకు, 11 సేవలకు. డవ్ సబ్బు యూనిలీవర్‌ది, డవ్ చాక్లెట్ మార్స్‌ది. డెల్టా పేరుతో విమానాలు నడిపేవాళ్లు ఒకరు, కుళాయిలు చేసేవాళ్లు ఒకరు. సబ్బు కొనబోయి చాక్లెట్ తెచ్చుకునేవాళ్లు ఉండరు గనక చట్టం ఇద్దరినీ బతకనిస్తుంది. చట్టం వేసే ప్రశ్న ఒక్కటే: కొనేవాడు పొరబడతాడా?

గోడలు కదిలినప్పుడే తంటా. బీటిల్స్ బృందం 1968లో ఆపిల్ కోర్ పెట్టింది. తర్వాత ఆపిల్ కంప్యూటర్ వచ్చింది. 1981లో ఇద్దరూ రాజీపడ్డారు: వాళ్లు కంప్యూటర్లు, వీళ్లు సంగీతం, ఒకరి గడపలోకి ఒకరు రాకూడదు. అప్పటికి అది సరైన గోడే. కంప్యూటర్లు పాటలు పాడటం మొదలుపెట్టాక గోడ ఏ పక్కనుందో తెలియకుండా పోయింది. 1991లో మళ్లీ రాజీ, ఆపిల్ పాటలు అమ్మడం మొదలెట్టాక మళ్లీ కేసు, 2006లో లండన్ హైకోర్టు కంప్యూటర్ కంపెనీ పక్షాన తీర్పు, 2007లో చివరి ఒప్పందం.

ఊరి పేరే సరుకు పేరైతే దేశానికో న్యాయం. చెక్ నగరం చెస్కే బుడయోవిత్సె జర్మన్ పేరు బడ్‌వైస్. అక్కడి బీరు బడ్‌వైజర్. అమెరికాలో 1876 నుంచి బడ్‌వైజర్ పేరుతో వేరే బీరు అమ్ముతున్నారు. చెక్ కంపెనీ బుడ్వార్ 1895లో మొదలైంది. పేరు మా ఊరిదని వీళ్లు, బ్రాండ్ మాదే ముందని వాళ్లు. ఫలితంగా చెక్ బీరు అమెరికాలో చెక్‌వార్ అయింది, అమెరికా బీరు చాలా యూరప్ దేశాల్లో ఉత్త బడ్ అయింది.

ఇంటర్నెట్ చిరునామాలకు ఇలాంటి గోడలేవీ లేవు. ఒక చిరునామా లోకం మొత్తానికి ఒక్కరిదే. చిరునామా చివర చుక్క తర్వాత ‘అమెజాన్’ అనే పదం తమకివ్వాలని కంపెనీ 2012లో దరఖాస్తు పెట్టింది. నది పారే బ్రెజిల్, పెరూ అడ్డుపడ్డాయి. అది కోట్లమంది బతికే ప్రాంతం పేరు, ఒక కంపెనీకి రాసివ్వడం కుదరదన్నాయి. ఎన్నో దేశాల్లో చట్టబద్ధంగా నమోదైన ట్రేడ్‌మార్క్ మాది, పైగా స్థానిక భాషల్లో ఆ ప్రాంతం పేరు స్పెల్లింగ్ వేరు అంది కంపెనీ. ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ 2014లో కాదంది, 2019లో ఔనంది.

వాక్యంలో పారిస్ కనబడితే కంప్యూటర్ ఏం చేస్తుంది

‘డల్లాస్ నుంచి ఈశాన్యంగా కారులో పోతే సాయంత్రానికి పారిస్ చేరతాం.’ ఈ వాక్యాన్ని మ్యాపు మీద పెట్టాలంటే ప్రోగ్రామ్ మూడు పనులు చేస్తుంది. ముందుగా పారిస్ ఇక్కడ ఊరా, మనిషి పేరా తేల్చుకుంటుంది. తర్వాత స్థలనామాల పట్టిక తీసి ఎన్ని పారిస్‌లున్నాయో చూస్తుంది. చివరికి ఒక్కోదానికి మార్కులు వేస్తుంది. జనాభాకు మార్కులిస్తే ఫ్రాన్స్ రాజధాని గెలుస్తుంది. వాక్యంలోని మిగతా ఊళ్లకు ఎంత దగ్గరో దానికి మార్కులిస్తే డల్లాస్‌కు సుమారు వంద మైళ్ల దూరంలో, పాతిక వేల లోపు జనాభా ఉన్న టెక్సస్ పారిస్ గెలుస్తుంది. ఇక్కడ రెండోదే ఒప్పు.

‘పెద్దదే అయ్యుంటుంది’ అనే అంచనా చాలాసార్లు నెగ్గుతుంది, నెగ్గుతుంది కాబట్టే ప్రమాదం. జార్జియా అని ఉన్న ప్రతి వార్తనూ జనాభా చూసి నిర్ణయిస్తే కోటీ 7 లక్షల మంది ఉన్న అమెరికా రాష్ట్రం, 37 లక్షల దేశాన్ని ప్రతిసారీ ఓడిస్తుంది. అందువల్ల ఒకే వ్యాసంలో ఒక పేరు మొదటి నుంచి చివరి దాకా ఒకే చోటునే సూచిస్తుందన్న సూత్రాన్ని కూడా కలుపుతారు. ఆ దేశపు రాజధాని టిబిలీసి ఒక్కసారి కనబడితే చాలు, ఆ వ్యాసంలోని జార్జియాలన్నీ దేశం వైపు తిరుగుతాయి. రెండు జార్జియాలనూ పోల్చే వ్యాసం వస్తే ఆ సూత్రం కూడా చేతులెత్తేస్తుంది. ఆఖరి తనిఖీ అక్షాంశాలతోనే: హైదరాబాద్ అని రాసి పక్కన 17.4 ఉంటే మనది, 25.4 ఉంటే సింధ్‌ది.

పేరు మారినా మారని నంబరు

ఓడలు అమ్ముడైనప్పుడు పేరు మారుతుంది, జెండా మారుతుంది, ఒకే పేరుతో ఒకేసారి చాలా ఓడలు తిరుగుతుంటాయి. అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, ఐఎంఓ, ఏడంకెల నంబరు పద్ధతిని 1987లో తెచ్చి 1996 నుంచి తప్పనిసరి చేసింది. ఆ నంబరు ఓడ పొట్టకు పుట్టినప్పటి నుంచి తుక్కు అయ్యేదాకా అంటిపెట్టుకుని ఉంటుంది.

ఇందులో ఏడో అంకె మిగతా ఆరింటికి కాపలా. ఉదాహరణకు 9074729. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడాలి: 63, 0, 35, 16, 21, 4, మొత్తం 139. చివరి అంకె 9, నంబరులోని ఏడో అంకెతో సరిపోయింది. టైపు చేసేవాళ్లు 7, 4లను తారుమారు చేసి 9047729 అని కొడితే మొత్తం 136 వస్తుంది, 6కూ 9కీ పొసగదు, తప్పు అక్కడే దొరుకుతుంది. కానీ మూడో అంకె 7 బదులు 5 పడి 9054729 అయితే మొత్తం 129. చివర మళ్లీ 9. లెక్క సరిపోయింది, నంబరు తప్పు. మూడో అంకెను గుణించేది 5తో కాబట్టి రెండు తగ్గితే మొత్తంలో సరిగ్గా పది తగ్గుతుంది, చివరి అంకె కదలదు. అలా జారిపోయినదాన్ని పట్టాలంటే నంబరు పక్కన ఓడ పేరు కూడా రాసి ఉండాలి.